డ్యూటీ దిగని చెయ్యి: ఫోన్ వదల్లేని ఒక క్లయింటు కేసు

ఈ కేసు రాయడానికి క్లయింటు ఒప్పుకున్నారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను. చికిత్స నడిచిన క్రమం, అందులో నేను చేసిన పొరపాటు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. ఆ పొరపాటు గురించి చెప్పాలనే ఈ కేసు ఎంచుకున్నాను. ఫోన్ తగ్గించుకోవాలి, బతుకు కాస్త చేతిలోకి తెచ్చుకోవాలి అంటూ వచ్చేవాళ్ళకు మాలాంటి మానసిక చికిత్సకులం ఇచ్చే సలహాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఆ మూస ఈమె విషయంలో మొదటి 6 వారాలు మేలు కంటే చెరుపే ఎక్కువ చేసింది.

వచ్చినప్పుడు

43 ఏళ్ళ మహిళ. ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తారు. ఇంట్లో భర్త, 13 ఏళ్ళ కూతురు. ఎవరూ పంపలేదు, తనంతట తానే వచ్చారు. కూర్చోగానే అన్న మాట: "నాకు జబ్బేమీ లేదు మేడమ్. పుస్తకం చదవలేకపోతున్నాను, అంతే."

చిన్నప్పటి నుంచీ పడుకునే ముందు చదవడం ఆమెకు అలవాటు. రెండేళ్ళకు పైగా ఒక్క పుస్తకమూ చివరిదాకా రాలేదు. పేజీ సగంలో ఉండగానే చెయ్యి ఫోన్ మీదికి వెళ్తుంది. ఫోన్ పక్కన పెట్టి పుస్తకం తీస్తే, ఎక్కడ ఆపారో వెతుక్కోవాలి. వెతికేలోపే చెయ్యి మళ్ళీ వెళ్తుంది. ఆఫీసులో నెలాఖరు పద్దులు సరిచూసేటప్పుడు కూడా ఇదే తంతు. ఇంట్లో ఒకరోజు కూతురు ఏదో చెబుతూ మధ్యలో ఆపి, "అమ్మా, నేనిప్పుడేం చెప్పానో చెప్పు" అని అడిగింది. ఈమె చెప్పలేకపోయారు. పాప కోపం తెచ్చుకోలేదు. "పర్లేదులే" అని తన గదిలోకి వెళ్ళిపోయింది. కోప్పడి ఉంటే ఇక్కడిదాకా వచ్చేదాన్ని కాదేమో అన్నారు.

మొదటి వారం కొలతలు ఇవి. ఫోన్‌లో ఉన్న స్క్రీన్ టైమ్ లెక్క ప్రకారం రోజుకు సగటున 5 గంటల 40 నిమిషాలు. ఫోన్ చేతిలోకి తీసుకోవడం సుమారు 140 సార్లు. నిద్రలేమి స్కేలు ఐఎస్ఐ మీద 28కి 16, అంటే మధ్యస్థాయి నిద్రలేమి. ఆందోళనకు జీఏడీ-7 మీద 21కి 11. కుంగుబాటుకు పీహెచ్‌క్యూ-9 మీద 27కి 8. స్మార్ట్‌ఫోన్ అడిక్షన్ స్కేలు చిన్న రూపం మీద 60కి 41. వీటన్నిటిలో అంకె పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువ. ఈ చివరి స్కేలును 2013లో కొరియా పరిశోధకులు టీనేజి పిల్లల కోసం తయారు చేశారు. ఇంత దాటితే సమస్యే అని అది పెట్టిన హద్దు (కటాఫ్) పెద్దవాళ్ళకు నేను వర్తింపజేయను. అదే మనిషిని అప్పటికీ ఇప్పటికీ పోల్చి చూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో గేమింగ్ డిజార్డర్ ఉంది కానీ ఫోన్ వ్యసనం పేరుతో విడిగా జబ్బు లేదు. ఆమె తనను తాను "అడిక్ట్" అనుకునేవారు. నేను ఆ మాట వాడలేదు. వాడకపోయినా, నా మొదటి ప్రణాళిక అచ్చం ఆ మాటను నమ్మినట్టే నడిచింది.

మొదటి ప్రణాళిక

అప్పటి నా ఆలోచన ఇది. ఎప్పుడు గింజ పడుతుందో తెలియనప్పుడు పావురం మీటను ఎడతెగకుండా పొడుస్తూనే ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దశాబ్దాల కిందటే చూపించాడు. సోషల్ మీడియా యాప్‌లో వరుసగా వచ్చే పోస్టుల ఫీడ్ కూడా అలాగే పనిచేస్తుంది. పది పోస్టుల్లో తొమ్మిది చప్పగా ఉంటాయి, పదోది బాగుంటుంది. ఆ పదోది ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే కట్టిపడేస్తుంది. దానికి తోడు పేజీకి అడుగు లేదు. డిజైనర్ ఆజా రాస్కిన్ 2006లో, కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉండే ఇన్ఫినిట్ స్క్రోల్ రూపొందించి, తర్వాత దాని గురించి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. ఇక్కడితో ఆపు అని చెప్పే గుర్తు ఎక్కడా లేకపోతే చెయ్యి ఎందుకు ఆగుతుంది?

ఇదంతా నిజమే. నేను తప్పుగా అర్థం చేసుకున్నది సిద్ధాంతాన్ని కాదు, మనిషిని. ఈమె కూడా ఆ గింజ కోసమే పొడుస్తున్నారని అడగకుండానే అనుకున్నాను.

అందుకని మామూలు పట్టికే ఇచ్చాను. నోటిఫికేషన్లన్నీ బంద్. స్క్రీన్ నలుపు తెలుపుల్లోకి. రెండు యాప్‌లకు రోజుకు చెరో అరగంట పరిమితి. పడకగదిలోంచి ఫోన్ బయటికి, దాని బదులు అలారం గడియారం. పడక నిద్రకే అన్న నియమం 1972లో రిచర్డ్ బూట్జిన్ నిద్రలేమికి పెట్టిన స్టిములస్ కంట్రోల్ నుంచి తీసుకున్నది. ఆమె పద్దులు చూసే మనిషి కదా, ఒక్క నియమమూ తప్పలేదు.

4 వారాల తర్వాత స్క్రీన్ టైమ్ 3 గంటల 50 నిమిషాలకు దిగింది. నేను సంతోషించాను. ఆ సంతోషమే నన్ను మోసం చేసింది. అదే లెక్కల్లో, కింది వరుసలో, ఫోన్ తీసుకోవడం 140 నుంచి 175కి పెరిగింది. నిద్ర స్కోరు 16 నుంచి 19కి వెళ్ళింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, హాల్లో ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ దగ్గరికి నడిచి, ఒకసారి వెలిగించి చూసి, తిరిగి వచ్చి పడుకుంటున్నానని ఆమె చెబితే, కొత్త అలవాటు కుదురుకునేదాకా ఇలాగే ఉంటుందని సర్దిచెప్పాను. అలవాటు గట్టిపడటానికి సగటున 66 రోజులు పట్టిందన్న 2010 నాటి ఫిలిప్పా లాలీ అధ్యయనం కూడా చెప్పాను. అదే అధ్యయనంలో కొందరికి 18 రోజులే పట్టింది, కొందరికి 254 అని అంచనా వేశారు. ఎదురుగా కూర్చున్న మనిషి ఇబ్బంది పడుతుంటే సగటు చూపించి ఓర్చుకోమన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

ఆరో వారం ఒక ఆదివారం ఫోన్ పూర్తిగా ఆపి చూద్దామన్నాను. ఉదయం 8 గంటలకు ఆపారు. 11 అయ్యేసరికి గుండె దడ, అరచేతుల్లో చెమట. భర్త ఫోన్‌ను ఆమె తీసుకుని బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుని తన తల్లికి ఫోన్ చేశారు. అమ్మ బాగానే ఉన్నారు. మధ్యాహ్నం తన ఫోన్ ఆన్ చేసి, సాయంత్రం దాకా కింద పెట్టలేదు.

తర్వాతి సెషన్‌లో తల వంచుకుని అన్నారు: "సరదా పోయిందని కాదు మేడమ్. ఫోన్ ఆపేస్తే ఎవరికో ఏదో అయిపోతుందనిపిస్తుంది."

నా పట్టికలో ఆ మాట పట్టే గడి లేదు. ఫీడ్ కోసం తహతహలాడేవాళ్ళు ఇలా మాట్లాడరు.

చిట్టా

అన్ని నియమాలూ ఆపేశాం. ఒక్క పనే అడిగాను. ఉదయం ఒక గంట, ఆఫీసులో ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఆ గంటల్లో ఫోన్ చేతికి వచ్చిన ప్రతిసారీ చిన్న నోటుబుక్కులో మూడు ముక్కలు రాయాలి: దానికి ముందు ఏం జరుగుతోంది, దేనికోసం చూశారు, చూశాక ఎలా ఉంది. రోజంతా రాయమంటే ఎవరూ రాయరు, రాసినా సాయంత్రం కూర్చుని ఊహించి రాస్తారు. గంటలు కుదిస్తే నిజం దొరుకుతుంది. రాస్తున్నామన్న స్పృహకే లెక్క కొంత తగ్గుతుందన్నది కూడా మనసులో పెట్టుకోవాలి.

9 రోజులు, 27 గంటలు, 214 నమోదులు. ఇద్దరం కూర్చుని రెండు రంగుల పెన్నులతో విడదీశాం. 139 చోట్ల కథ ఒకటే. తీశారు, వెలిగించారు, ఏమీ లేదు, ఆపేశారు. అరనిమిషం కూడా లేదు. "ఎలా ఉంది" అన్న చోట ఆమె రాసింది "హమ్మయ్య". లేదా ఏమీ రాయలేదు. మిగిలిన 75 పొడుగాటివి, స్క్రోలింగ్. వాటిలో 52 మొదలైంది కూడా ఆ అరనిమిషం చూపుతోనే. చూద్దామని తీశారు, ఏమీ లేదు, చేతిలో ఉంది కాబట్టి యాప్ తెరిచారు, 20 నిమిషాలు పోయాయి.

ఆ కాగితాల ముందు నాకు చాలాసేపు మాట రాలేదు. నిమిషాలన్నీ స్క్రోలింగ్ ఖాతాలో ఉన్నాయి. నేను ఆ నిమిషాలు కోశాను. కానీ వాటికి తలుపు తీస్తున్నది చూసుకోవడం. నోటిఫికేషన్లు మొత్తం ఆపేయడంతో, కబురు వస్తే ఫోనే చెబుతుందన్న భరోసా కూడా పోయింది. ఇక చెయ్యే పదేపదే వెళ్ళి చూసి రావాలి. 2019లో కొందరు పరిశోధకులు ఇలాంటిదే చూశారు. నోటిఫికేషన్లను రోజుకు మూడు విడతలుగా అందుకున్నవాళ్ళకు ఒత్తిడి తగ్గింది. అసలు రాకుండా ఆపేసినవాళ్ళకు ఆందోళన పెరిగింది. ఆ ఫలితం నాకు తెలుసు. తెలిసినది సమయానికి గుర్తు రాలేదు.

"హమ్మయ్య" అన్న మాట మీద వేలు పెట్టి అడిగాను: "ఈ హమ్మయ్య ఎప్పటి నుంచి?"

నాన్న ఫోన్

27 నెలల కిందట, ఒక తెల్లవారుజామున 5 గంటలకు, నాన్న ఫోన్ చేశారు. మాట ముద్దగా వస్తోంది. ఈమె రెండో రింగుకే ఎత్తారు. అంబులెన్స్ పంపారు. స్ట్రోక్. గడ్డ కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, ఆయన ఆ వ్యవధిలోనే చేరారు. వెంటనే ఎత్తబట్టి దక్కించుకున్నారని డాక్టరు అన్నారు. బంధువులందరూ అన్నారు. నాన్న కూడా అన్నారు, చాలాసార్లు.

ఆ రోజు నుంచి ఫోన్ దిండు కింద. మీటింగులో ఒళ్ళో. స్నానానికి వెళ్తే కిటికీ గట్టు మీద. 11 నెలలు అలా కాశారు. ఆ తర్వాత న్యుమోనియా వచ్చి, ఆమె పక్కన ఉండగానే, ఆయన పోయారు. కడసారి చూపు దక్కలేదన్న బాధ లేదు, చెయ్యాల్సింది చెయ్యలేదన్న అపరాధ భావమూ లేదు. అందుకే మొదటి రోజు ఫారంలో "తండ్రి మరణం, 16 నెలల కిందట" అన్న గడి నింపి, ఆ దుఃఖం సర్దుకుందని చెప్పి ముందుకు వెళ్ళారు. నేనూ వెళ్ళాను.

16, 11 కలిపితే 27. "రెండేళ్ళకు పైగా పుస్తకం పూర్తి కాలేదు" అని మొదటి నిమిషంలోనే చెప్పారు. రెండేళ్ళ కిందట ఏం జరిగిందని ఆ రోజే అడిగి ఉంటే 6 వారాలు మిగిలేవి.

"మీరింకా డ్యూటీ దిగలేదు" అన్నాను. అది చికిత్స భాష కాదు, నోటికి వచ్చిన మాట. ఆమె కాసేపు నా వైపే చూసి, "దిగమని ఎవరూ చెప్పలేదు మేడమ్" అన్నారు.

కేసును తిరిగి అర్థం చేసుకోవడం

ఇక్కడ కాస్త సాంకేతికంగా చెప్పాలి, ఎందుకంటే మందు మారేది ఇక్కడే. ఒక పని అలవాటు కావడానికి రెండు దారులున్నాయి. చేస్తే ఏదో బాగున్నది దొరుకుతుంది. లేదా చేస్తే ఏదో బాధ తగ్గుతుంది. స్క్రోలింగ్‌లో మొదటిది ఎక్కువ, ఈమె చూపుల్లో రెండోది ఎక్కువ. బయటికి రెండూ ఒకటే: మనిషి ఫోన్ చూస్తున్నారు. కానీ మొదటిదానికి పనికొచ్చే అడ్డుకట్ట రెండోదానికి మంటలో ఆజ్యం. ఆందోళన తగ్గే ఒక్క దారీ మూసేస్తే ఆందోళన ఎక్కడికి పోతుంది?

పైగా ఈ అలవాటుకు మూలం భయం ఒక్కటే కాదు. ఒకసారి అది నిజంగా ఒక ప్రాణం నిలిపింది. పనిచేసిన జాగ్రత్త వదులుకోవడం, పనిచేయనిదాన్ని వదులుకోవడం కంటే చాలా కష్టం. ఫోన్ తగ్గించమని ఎవరైనా అంటే ఆమె లోపల ఎదురు తిరిగింది ఇదే. ప్రేమకు కాపలా మానేయమన్నట్టు వినిపించేది.

మిగతా అవకాశాలూ చూశాను. తాళాలు, గ్యాస్, తలుపులు తిరిగి తిరిగి చూడటం లేదు కాబట్టి ఓసీడీ (వద్దనుకున్నా ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వచ్చే జబ్బు) అనలేదు. దీర్ఘశోకం అన్న జబ్బు ఐసీడీ-11లో ఉంది, కనీసం 6 నెలలు దాటాలి. కాలం సరిపోయినా ఆ తీవ్రమైన తపన, జీవితం స్తంభించడం ఈమెలో లేవు. పేరు పెట్టకుండానే పని మొదలుపెట్టాం.

మోగడం ఫోన్ పని

మొదట వాస్తవాన్ని వాస్తవంగా చూడాలి. వాళ్ళమ్మకు 71 ఏళ్ళు, ఒంటరిగా ఉంటారు. ఆరోగ్యం బాగుంది, కానీ రేపెప్పుడైనా అవసరం పడొచ్చు. దాన్ని ఉత్త భయమని కొట్టేయడం అబద్ధమవుతుంది. అందుకని అమ్మ, భర్త, కూతురు, ఈ మూడు నంబర్ల కాల్ మాత్రం ఎప్పుడైనా, ఫోన్ డిస్టర్బ్ చెయ్యొద్దు అన్న స్థితిలో ఉన్నా, గట్టిగా మోగేలా పెట్టాం. మెసేజ్ కాదు, కాల్. అత్యవసరమైతే మెసేజ్ పెట్టకుండా కాల్ చెయ్యాలని ముగ్గురికీ ఆమే చెప్పారు. ఇది కూడా ఒక రకం ఊతకర్ర కాదా అని మా వృత్తిలోనివాళ్ళు అడుగుతారు. నేనూ అడుక్కున్నాను. ఊతకర్ర అయితే ఆందోళన వచ్చినప్పుడల్లా వాడాలి. ఇది ఒకసారి అమర్చి మరిచిపోయేది, అందుకే ఉంచాను. ఆమె దీన్ని తన మాటల్లో నోటుబుక్కు అట్ట మీద రాసుకున్నారు: "మోగడం ఫోన్ పని. చూడటం నా పని కాదు."

ఆ తర్వాత అసలు పని, చూడాలనిపించినా చూడకుండా ఉండి ఏమవుతుందో తెలుసుకోవడం. 1966లో విక్టర్ మేయర్ మొదలుపెట్టిన ఎక్స్‌పోజర్, రెస్పాన్స్ ప్రివెన్షన్ పద్ధతే. మెట్లు ఆమే పేర్చుకున్నారు. పక్క గదిలో ఫోన్, రింగర్ ఆన్‌లో, 15 నిమిషాలు. అదే 45 నిమిషాలు. ఆఫీసులో సొరుగులో 2 గంటలు. ఫోన్ ఇంట్లో వదిలి 20 నిమిషాల నడక. చివరి మెట్టు, ఒక గంట పూర్తిగా స్విచాఫ్.

ప్రతి మెట్టుకూ ముందు ఏం జరుగుతుందని భయమో ఒక వాక్యం రాయాలి, అది ఎంత నిజమనిపిస్తోందో శాతం వెయ్యాలి. తిరిగొచ్చాక ఏం జరిగిందో రాయాలి. ఆందోళన తగ్గేదాకా కూర్చోవడమే లక్ష్యమనుకుంటారు చాలామంది. నా అనుభవంలో, రాసుకున్న భయానికీ జరిగినదానికీ మధ్య తేడాను కళ్ళారా చూడటమే ఎక్కువ పనిచేస్తుంది. నడక మెట్టు నాడు ఆమె రాసింది: "అమ్మ పడిపోతుంది, నాకు తెలియదు. 60 శాతం." వందకు 85 ఆందోళనతో గుమ్మం దాటారు. మలుపు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగారట, ఖాళీ చేత్తో జేబు తడుముకున్నారట. తిరిగి వచ్చేసరికి 40. కింద రాసింది: "అమ్మ పడలేదు. చెట్ల మీద పిట్టలు ఉన్నాయి, ఇన్నాళ్ళూ వినలేదు. ఫోన్ మోగలేదు, మోగినా మా ఆయన ఎత్తేవారు." చివరి ముక్క చాలా పెద్దది. ఇంట్లో తానొక్కరే కాపలా కాదని ఆమె చేత్తో రాసిన మొదటి వాక్యం అది.

అదే మెట్టు వేర్వేరు వేళల్లో, వేర్వేరు చోట్ల మళ్ళీ మళ్ళీ చేయించాను. ఒక్కసారి గెలిస్తే మెదడు దాన్ని అదృష్టం కింద రాసుకుంటుంది.

స్విచాఫ్ మెట్టు దగ్గర ఆగిపోయాం. అన్నీ చేసిన మనిషి దీనికి రెండు వారాలు వాయిదా వేశారు. అడిగితే చివరికి చెప్పారు. ఫోన్‌లో నాన్న వాయిస్ మెసేజ్‌లు నలభై దాకా ఉన్నాయి. ఆపితే మళ్ళీ తెరుచుకోకపోతే? ఫోన్ దగ్గర ఉండటం అంటే ఆయన గొంతు దగ్గర ఉండటం. ఇన్ని సెషన్లలో నేను స్క్రీన్ గురించి అడిగాను, ఆ స్క్రీన్ వెనక ఏం దాచుకున్నారని అడగలేదు.

ఆ వారం ఇంటిపని ఒక్కటే. కూతురి సాయంతో ఆ మెసేజ్‌లన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించడం. ఒకటి ఇంట్లో, ఒకటి అమ్మ దగ్గర. ఇంకేదో వెతుకుతుంటే అనుకోకుండా ఆయన గొంతు వినపడి రోజంతా పాడయ్యేది ఇంతకుముందు. ఇప్పుడు తనే ఒక సమయం పెట్టుకుని, కూర్చుని, వింటున్నారు. మొదటిసారి విన్న రోజు ఏడ్చారు, సెషన్‌లో చెబుతూ మళ్ళీ ఏడ్చారు. స్విచాఫ్ మెట్టు మర్నాడే పూర్తి చేశారు.

ఖాళీ

చూపులు తగ్గేసరికి స్క్రోలింగ్ దానంతటదే సగం తగ్గింది, తలుపు మూసుకుంది కాబట్టి. మిగిలినదానికి మొదటి ప్రణాళికలోని ఉపకరణాలే మళ్ళీ తీశాం, ఈసారి అవి పనిచేశాయి. యాప్ పరిమితులు, పడకగది నియమం అన్నీ అవే. వరుస మారింది, అంతే.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. రోజుకు రెండు మూడు గంటలు చేతికొచ్చాయి, వాటితో ఏం చెయ్యాలో తెలియలేదు. మొదటి వారం చాలా విసుగ్గా, దిగులుగా ఉందన్నారు. 2014లో టిమోతీ విల్సన్ బృందం మనుషుల్ని 15 నిమిషాలు ఖాళీ గదిలో ఒంటరిగా కూర్చోబెడితే, 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో 6 మంది, ఊరికే కూర్చోలేక తమకు తామే చిన్న కరెంటు షాక్ ఇచ్చుకున్నారు. ఈ సంగతి క్లయింట్లకు చెబుతుంటాను. ఖాళీ భరించలేకపోవడం తమ ఒక్కరి లోపం కాదని తెలిస్తే వాళ్ళ భుజాలు కాస్త దిగుతాయి.

ఆ గంటల్ని వెంటనే మంచి పనులతో నింపేయమని నేను చెప్పలేదు. యాప్ తీసేసి ఆ స్థానంలో ధ్యానం, వ్యాయామం, కొత్త భాష అన్నీ ఒకేసారి పెట్టుకున్నవాళ్ళు మూడో వారానికి అలిసిపోయి ఫోన్ దగ్గరికే తిరిగి రావడం చాలాసార్లు చూశాను. ఒక్క ప్రశ్న ఇచ్చాను: ఈ గంట ఎవరిది? ఆఫీసుదా, పాపదా, అమ్మదా, నాన్నదా, మీదా? ఎవరిదో ముందే రాసుకుని, ఆ గంట వాళ్ళకే ఇవ్వాలి. మీది అయితే ఏమీ చెయ్యకపోయినా సరే. ఇన్నేళ్ళుగా తన రోజులో "నాది" అన్న గంట ఒక్కటీ లేదని ఆమె ఆ కాగితం నింపుతుండగానే గమనించారు.

పుస్తకానికి రాత్రి రెండు పేజీలే అని హద్దు పెట్టాం. పళ్ళు తోముకున్నాక, దీపం పక్కన కుర్చీలో, రెండు పేజీలు. ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అన్నది ముందే నిర్ణయించుకుంటే సంకల్పం పనిగా మారే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. మూడో పేజీ చదవాలనిపించినా మొదటి 10 రోజులు ఆపెయ్యమన్నాను. ఆగాల్సి వచ్చినప్పుడే ఆకలి తెలుస్తుంది.

భర్తతో ఒక్క సెషన్. ఆయన మంచి ఉద్దేశంతోనే "మళ్ళీ ఫోనా?" అని రోజుకు పదిసార్లు అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఆందోళన పెరిగేది, చెయ్యి మళ్ళీ వెళ్ళేది. కాపలాదారుకు ఇంకో కాపలాదారు అక్కర్లేదని చెప్పాను. ఆయన ఆపేశారు, దాంతోపాటు అత్తగారికి వారంలో మూడు రోజులు తనే ఫోన్ చెయ్యడం మొదలుపెట్టారు. అది నేను చెప్పింది కాదు. పాపను ఏం కావాలని అడిగితే ఒక్కటే అడిగింది: "నేను చెప్పేటప్పుడు ఫోన్ చేతిలో ఉండకూడదు." బల్ల మీద ఉన్నా దృష్టి లాగుతుందా అన్నది పరిశోధనల్లో తేలని విషయం. లాగుతుందని 2017లో ఒక అధ్యయనం వచ్చింది, తర్వాత చేసినవాళ్ళలో కొందరికి అదే ఫలితం రాలేదు. పాప మాత్రం చెయ్యి గురించే అడిగింది, మేము పాప మాటే పాటించాం.

ఆఫీసు సంగతి క్లుప్తంగా. మెసేజ్‌లకు రోజుకు మూడు విడతలుగా జవాబిస్తానని పై అధికారికి చెప్పారు, తొందరైతే కాల్ చెయ్యమన్నారు. ఆయన సరేనన్నారు. భయపడినంత ఏమీ జరగలేదు.

మళ్ళీ డ్యూటీ

ఐదో నెలలో అమ్మకు తీవ్రంగా జ్వరం వచ్చింది. ఫోన్ మళ్ళీ దిండు కిందికి చేరింది, రోజుకు 150 సార్లు. మొత్తం పోయిందని ఏడుస్తూ వచ్చారు.

నాకు అలా అనిపించలేదు. అమ్మకు జబ్బుగా ఉన్నప్పుడు ఫోన్ దగ్గర పెట్టుకోవడం కూతురి పని. ఇంతకుముందు తేడా పడింది ఎక్కడంటే, ఆ పనికి ముగింపు తేదీ లేదు. కాబట్టి ఈసారి కాగితం మీద రాసుకున్నాం: "అమ్మ జ్వరం డ్యూటీ. ఎక్కింది సోమవారం. జ్వరం తగ్గి 3 రోజులు గడిచాక దిగుతాను." కింద సంతకం. అమ్మ 6 రోజుల్లో లేచారు. తొమ్మిదో రోజు సాయంత్రం ఆమె ఆ కాగితం మీద "దిగాను" అని రాసి, టైము వేసి, ఫోన్‌ను హాల్లో ఛార్జింగ్‌కు పెట్టారు. తర్వాతి నాలుగు రోజులు చెయ్యి వెళ్తూనే ఉంది, ఆమె వెళ్ళనివ్వలేదు.

ఈ కాగితం ఇప్పుడు ఇలాంటి ఇంకో ఇద్దరు క్లయింట్లతో వాడుతున్నాను. ఇద్దరూ ఇంట్లో పెద్ద జబ్బు చూసినవాళ్ళే. మొదటి రోజు నింపే ఫారంలో ఒక ప్రశ్న కూడా చేర్చాను: "మీ ఫోన్ ఎప్పుడైనా ఎవరినైనా కాపాడిందా?" అవునన్నవాళ్ళకు నిమిషాల లెక్క తర్వాత తీస్తాను.

ఎక్కడికి చేరాం

7 నెలలు, 14 సెషన్లు. ముగిసేనాటికి ఫోన్ తీసుకోవడం రోజుకు 60 లోపు, స్క్రీన్ టైమ్ 2 గంటల 25 నిమిషాలు. ఆందోళన 11 నుంచి 5కి, నిద్రలేమి 8కి, కుంగుబాటు 4కి, ఫోన్ స్కేలు 27కి వచ్చాయి. ఒక్క మనిషి కేసు ఇది, పోల్చుకోవడానికి ఇంకో గుంపు లేదు. కాలం గడవడమే కొంత నయం చేసి ఉండొచ్చు. అయితే 16 నెలల కాలం తగ్గించని చూపులు, మెట్లు ఎక్కిన 8 వారాల్లో తగ్గాయి కాబట్టి, పద్ధతికి కొంత వాటా ఉందనే నా అభిప్రాయం.

6 నెలల తర్వాత మళ్ళీ కలిశాం. అంకెలు దాదాపు అలాగే ఉన్నాయి. మూడు పుస్తకాలు పూర్తయ్యాయి, నాలుగోది నచ్చక మధ్యలో వదిలేశారు. నచ్చక వదిలెయ్యడం, చెయ్యి లాక్కుపోతే వదిలెయ్యడం ఒకటి కాదని ఆమే విడమరిచి చెప్పారు. పాప ఇప్పుడు ఎక్కువ మాట్లాడటం లేదట, వయసు అలాంటిది. మాట్లాడినప్పుడు మాత్రం ఈమె చేతులు ఖాళీగా ఉంటున్నాయి.

రాత్రి రెండింటి మెలకువ పూర్తిగా పోలేదు. వారానికి ఒకసారి వస్తోంది. హాల్లోకి నడవడం లేదు కానీ, అరగంట మెలకువగా ఉండి, ఫోన్ మోగలేదని వింటూ పడుకుంటున్నారు. ఆ అరగంట మీద పని ఇంకా ఉంది. వచ్చే నెల రమ్మన్నాను.